రాజహరా ఏ జిల్లా? – పెద్ద వెబ్‌సైటును కొత్త వ్యవస్థలోకి మార్చేటప్పుడు వర్గీకరణ



కొమర్రాజు లక్ష్మణరావు గారి స్మృతిలో భిలాయి తెలుగువారి ముందు మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు విషయం నా ఇష్టానికే వదిలేశారు. శాసనాల మీదో చరిత్ర పరిశోధన మీదో మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది వెబ్‌సైట్ల పని. వేల పేజీలున్న పాత సైటును కొత్త వ్యవస్థలోకి తరలించాలి. ఏ పేజీ ఏ వర్గం కిందికి వెళ్లాలి? అసలు వర్గాలు ఎవరు, దేన్ని చూసి ఏర్పరచాలి? నా బతుకుతెరువు ఇదే కాబట్టి కొంతా, ఈ పనికి తెలుగులో మొదటి మేస్త్రీ ఎవరంటే కొమర్రాజు వారి పేరే చెబుతాను కాబట్టి కొంతా, ఈ విషయమే తీసుకున్నాను.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే అక్క భండారు అచ్చమాంబ, బావగారి అండన పెరిగి నాగపూర్‌లో చదువుకున్నారు. నాగపూర్ మనకేమీ దూరపు ఊరు కాదు. ఆ రోజుల్లో ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమంతా నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సుల కిందే ఉండేది. అచ్చమాంబ 1905లో కన్నుమూసింది మన బిలాస్‌పూర్‌లోనే. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోయే ఊరు.

అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను మూడు భాగాలుగా ఊహించుకుంది. చరిత్రలో నిలిచిన ఈ దేశపు స్త్రీలు ఒక భాగం, వేద పురాణాల్లోని స్త్రీలు ఒక భాగం, విదేశాల స్త్రీలు ఒక భాగం. ఇవాళ మనకిది మామూలు విషయసూచికలా కనిపిస్తుంది. కానీ పురాణ స్త్రీనీ చరిత్ర స్త్రీనీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం అలవాటైన రోజుల్లో ఆ రెంటి మధ్యా గీత గీయడమంటే, దీనికి ఆధారాలు వేరు, దానికి ఆధారాలు వేరు అని చెప్పడమే. పుస్తకంలో ఒక్క వాక్యమూ చదవకముందే విషయసూచిక దగ్గరే ఆమె వాదన మొదలైపోయింది. వర్గీకరణను గుమాస్తా పని అనుకునేవారికి నేను తరచూ చెప్పే ఉదాహరణ ఇది.

తమ్ముడు ఇంకా పెద్ద బరువు నెత్తికెత్తుకున్నాడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, కొన్నేళ్లకు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదలుపెట్టారు. పద్ధతి అకారాది క్రమం. ఆయన చేతి మీదుగా మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా అకారం దగ్గరే ఉన్నారు. 1923లో ఆయన పోయారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నారు కానీ అదీ చివరిదాకా సాగలేదు. అకారాది క్రమం తెచ్చే చిక్కు ఇదే. సగంలో ఆగితే ‘అ’తో మొదలయ్యేవన్నీ దొరుకుతాయి, ‘ఉక్కు’ దొరకదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు పుట్టిన తెలుగు భాషా సమితి దారి మార్చి, చరిత్ర ఒక సంపుటం, భౌతిక రసాయన శాస్త్రాలు ఒక సంపుటం, ఇలా విషయాల వారీగా వేసింది. ఏ సంపుటం దగ్గర ఆగినా చేతికొచ్చినంత వరకు అది పూర్తి పుస్తకమే. ఖండవల్లి లక్ష్మీరంజనం గారి ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం’ మళ్లీ అకారాదికే వెళ్లింది. రెండు పద్ధతులకూ ఖరీదు ఉంది. అకారాదిలో వెతికేవాడికి మాట ముందే తెలిసి ఉండాలి. విషయ క్రమంలో వెతికేవాడికి కూర్చినవాడి బుర్ర ఎలా పనిచేసిందో తెలిసి ఉండాలి.

వెబ్‌సైటులో వెతుకుడు పెట్టె ఉంటుంది కదా, ఇక వర్గాలెందుకు అని అడిగే ఇంజనీరు మిత్రులు ఈ సభలోనే ఉంటారని నాకు తెలుసు. ఆ పెట్టె అకారాది క్రమానికి మనవడు. మాట తెలిసినవాడికే అది పనికొస్తుంది. రిటైరయ్యాక మందుల కార్డు ఎలా కొత్తది చేయించుకోవాలో తెలియని మనిషికి ఆ పెట్టెలో ఏ మాట కొట్టాలో కూడా తెలియదు. ఆయనకు దారి చూపేది వర్గమే.

ఇక తరలింపు సంగతి. తరలింపంటే పాత పెట్టెలోని సామాను కొత్త పెట్టెలో పోయడమేనని అనుకునే కాలం ఒకటి ఉండేది. తెలుగు సైట్ల విషయంలో ఆ కాలానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 2000 సంవత్సరం నాటికి తెలుగు దినపత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. తెర మీద ‘ముఖ్యమంత్రి’ అని కనిపించేది. లోపల మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండేవి. కాపీ చేస్తే పిచ్చిరాత, వెతికితే సున్నా. వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అనే పరికరం రాసి అలాంటి పేజీలను యూనికోడులో చదువుకునే వీలు కల్పించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. ఆ రోజుల్లో అక్షరం బతికి బయటపడటమే గొప్ప. ఏది ఏ వర్గంలో ఉందని అడిగే ఓపిక ఎవరికుంది? అందుకే చాలా సైట్లలో పాత అరలు ఉన్నవి ఉన్నట్టే కొత్త వ్యవస్థలోకి వచ్చేశాయి. అక్షరాలు మారాయి, అమరిక మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

పనిలో మొదటిది లెక్క. ప్రతి పేజీకీ ఒక వరుస చొప్పున పట్టిక వేయాలి. దాని చిరునామా, శీర్షిక, పుట్టిన తేదీ, చివరగా ముట్టుకున్న తేదీ, దానికి పూచీ ఎవరిది, ఎవరు చదువుతున్నారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆఖరి గడిలో నిర్ణయం: తీసుకెళ్లాలా, మరో పేజీలో కలపాలా, పాత దస్తావేజుల్లోకి పంపాలా, తీసేయాలా. ఎవరికీ సరదా లేని పని ఇది. పట్టిక వేయకుండానే వర్గాల పేర్ల మీద మూడు మీటింగులు పెట్టుకునేవాళ్లే ఎక్కువ. పట్టిక వేసినవాళ్లకు ఒక సంగతి త్వరగానే తెలిసిపోతుంది. సైటులో సగానికి పైగా పేజీలకు పూచీదారు ఉండడు. పెట్టినాయన బదిలీ అయిపోయాడు, పేజీ మాత్రం ఉండిపోయింది.

రెండోది, నా లెక్కలో అసలైనది: మారే విషయాన్ని చెట్టు కొమ్మగా చేయకూడదు. శీర్షికలో అడిగిన ప్రశ్నకు ఇక్కడికి వద్దాం.

దల్లీ రాజహరా గనులు ఏ జిల్లాలో ఉన్నాయి? భిలాయి కొలిమిలో కరిగిన ఇనుప ఖనిజానికి పుట్టిల్లు అది. దుర్గ్ జిల్లా 1906లో రాయ్‌పూర్, బిలాస్‌పూర్ జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఏర్పరిచిందే. 1973లో అందులోంచి రాజ్‌నాంద్‌గావ్ విడిపోయింది. 2012లో బాలోద్, బెమెతరా విడిపోయాయి. రాజహరా బాలోద్‌లోకి వెళ్లింది. కొండ అంగుళం కదల్లేదు. రాష్ట్రమూ మారింది. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ పోయి ఛత్తీస్‌గఢ్ వచ్చింది. ‘మధ్యప్రదేశ్ – దుర్గ్ జిల్లా – గనులు – రాజహరా’ అని నాలుగు మెట్లుగా అర కట్టిన సైటుకు పన్నెండేళ్లలో రెండు మెట్లు ఊడిపోయినట్టే. అలా కట్టుకుంటూ పోతే ప్రతి ప్రభుత్వ ఉత్తర్వుకూ ఒక తరలింపు చేసుకోవాలి.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. తెలుగు వికీపీడియాలో ప్రతి ఊరికీ ఒక వ్యాసం, ప్రతి వ్యాసం కింద ఫలానా జిల్లా గ్రామాలు అనే వర్గం. ఆ వర్గాలను మార్చడానికి జీతం లేని వికీపీడియన్లు పడ్డ చాకిరీ చూసినవారెవరూ జిల్లా పేరును తేలిగ్గా ఒక కొమ్మగా పెట్టరు. వికీపీడియాకు ఒక అదృష్టం ఉంది. అక్కడ వర్గం వ్యాసం చిరునామాలో భాగం కాదు. జిల్లా మారినా వ్యాసం లింకు మారదు. మామూలు సైట్లలో వర్గం పేరు చిరునామాలోకే ఎక్కి కూర్చుంటుంది. వర్గం మారిందా, లింకులన్నీ తెగుతాయి.

పథకాల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రలో 2014 తర్వాత అది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఏ పేరు మంచిదన్న పేచీ మనకొద్దు. ఆస్పత్రిలో మనిషిని చేర్చి ఫోను పట్టుకుని వెతుకుతున్న కొడుక్కి ‘ఉచిత వైద్యం’ అన్న వర్గం ఈ పదిహేడేళ్లూ ఒక్కచోటే ఉండాలి. పథకం పేరు ఆ పేజీ లోపల ఎన్నిసార్లయినా మారవచ్చు.

సరే, జిల్లా వద్దు, పథకం వద్దు, శాఖ వద్దంటే దేన్ని పట్టుకుని కట్టాలి? దీనికి జవాబు మద్రాసులో ఒక లెక్కల మాస్టారు చెప్పాడు. ఎస్. ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా చేరి, శిక్షణకని లండన్ వెళ్లాడు. అప్పటికి లోకమంతా డ్యూయీ పద్ధతిదే రాజ్యం. 1876 నాటి ఆ పద్ధతిలో మొత్తం జ్ఞానాన్ని పదిగా, ఒక్కొక్క భాగాన్నీ మళ్లీ పదిగా చీలుస్తారు. మతాలకిచ్చిన రెండు వందల వరుసలో క్రైస్తవమే దాదాపు అంతా ఆక్రమించుకుంటే, ప్రపంచంలోని మిగతా మతాలన్నీ రెండు వందల తొంభై దగ్గర ఇరుక్కుని కూర్చున్నాయి. కట్టినవాడి పెరడే లోకం అన్నమాట. రంగనాథన్ లండన్‌లో ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మల పెట్టె చూశాడు. అవే రేకులు, అవే మరలు, కూర్చుకున్నంత రకాల బొమ్మలు. పుస్తకానికి ముందే ఒక గూడు కేటాయించి పెట్టడమెందుకు, దాని ముఖాలు విడివిడిగా గుర్తించి, కావలసినట్టు కూర్చుకుంటే పోలేదా అన్నది ఆయనకు తట్టిన ఆలోచన. 1933లో కోలన్ వర్గీకరణ వచ్చింది. తర్వాత తర్వాత ఆ ముఖాలను ఐదుకు స్థిరపరిచాడు. అసలు వస్తువు, దాని పదార్థం, దాని మీద జరిగిన పని, చోటు, కాలం.

ఇది గ్రంథాలయ శాస్త్రం పాఠంలా ఉందని అనుకోకండి. భిలాయివాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. మన ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టా నడుము మీద పొడుచుకొచ్చిన అక్షరాలుంటాయి. రైల్వే ప్రమాణం పేరు, మీటరుకు యాభై రెండు కిలోల సెక్షనా అరవయ్యా, ఉక్కు గ్రేడు, తయారీ సంస్థ సెయిల్ పేరు, నెల రోమన్ అంకెల్లో, పక్కన సంవత్సరం, ఉక్కు తయారైన పద్ధతికి గుర్తు. ఇవి రోలింగులోనే అచ్చుపడతాయి. పట్టా ఇంకా ఎర్రగా ఉండగానే హీట్ నంబరు వేరేగా ముద్ర కొడతారు. ఎక్కడో ఒకచోట పట్టా చిట్లితే ఆ హీట్ నంబరు పట్టుకుని ఏ పోత ఉక్కు అన్నది వెనక్కి లాగవచ్చు. ఇప్పుడు రంగనాథన్ ఐదు ముఖాలూ అక్కడ పెట్టి చూడండి. వస్తువు, పట్టా. పదార్థం, గ్రేడు. పని, రోలింగ్. చోటు, తయారీదారు. కాలం, నెలా ఏడూ. దువ్వాడ దగ్గర వేస్తారా, డోర్నకల్ దగ్గర వేస్తారా అన్నది పట్టా మీద రాయరు. అది మారే విషయం. ఇవాళ మెయిన్ లైనులో ఉన్న పట్టా రేపు అరిగాక సైడింగులో ఉండొచ్చు. దాని లెక్క రైల్వేవాళ్ల రిజిస్టరులో ఉంటుంది.

వెబ్‌పేజీకి కూడా ఇలాగే గుర్తులు కొట్టాలి. మాటవరసకు ఒక ఉక్కు పట్టణం సైటులో ఒక నోటీసు అనుకుందాం: ఫలానా నెల నుంచి సెక్టార్ 9 ఆస్పత్రిలో రిటైరైనవారికి మందులిచ్చే వేళలు మారుతున్నాయి. ఇది ఏ రకం పత్రం? నోటీసు. ఏ విషయం? వైద్యం. ఎవరికి? రిటైరైనవారికి. ఎక్కడ? సెక్టార్ 9. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? తేదీలు. ఎవరు జారీ చేశారు? ఫలానా విభాగం. ఆరు గుర్తులు, ఆరు విడి గడులు. ఈ ఆరింట్లో పైన మెనూలో కనిపించాల్సింది నా మట్టుకు ఒక్కటే: విషయం. పత్రం రకం రెండో మెట్టు. మూడో మెట్టు వద్దు. మిగతావన్నీ పక్కన జల్లెడలా ఉండి, కావలసినవాడు సెక్టారు పట్టుకునో తేదీ పట్టుకునో వడపోసుకుంటాడు. జారీ చేసిన విభాగం పేరు గడిలో తప్పకుండా ఉండాలి, మెనూలో మాత్రం ఉండకూడదు. దీని మీద నాతో తగువు పెట్టుకోని ఆఫీసు ఇంతవరకు తగల్లేదు. ప్రతి విభాగాధిపతికీ తన విభాగం పేరు మొదటి పేజీలో కనిపించాలని ఉంటుంది. ఆ సైటు ఆఫీసు గోడ మీద వేలాడే అధికారుల పటం కాదని చెప్పడానికి ఎంత మెత్తని మాటలు కావాలో ఈ పని చేసినవారికి తెలుసు.

విషయాల పేర్లు ఎవరు పెట్టాలి? వాడేవాళ్లు. దానికి చీటీల పద్ధతి ఉంది. ఒక్కో పేజీ శీర్షికను ఒక్కో చీటీ మీద రాసి, బల్ల మీద కుప్పపోసి, వాడేవాళ్లను పిలిచి, కలిసి ఉండాల్సినవాటిని కలిపి పెట్టమంటాం. పక్కన కూర్చుని నోరెత్తకూడదు, అదే కష్టం. ఉక్కు పట్టణాల్లో పెరిగినవాళ్లతో ఈ పని చేయించినప్పుడు ఒక చీటీ దగ్గర ప్రతిసారీ తేడా వచ్చేది: క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు కావలసిన కాగితాలు. ఆఫీసువాళ్లు దాన్ని ‘ఎస్టేట్’ కుప్పలో పెట్టేవారు, క్వార్టర్ల కేటాయింపు, మరమ్మతుల పక్కన. రిటైరు కాబోతున్నవారు మరో ఆలోచన లేకుండా దాన్ని పీఎఫ్, గ్రాట్యుటీ, నో డ్యూస్ చీటీల మీద పెట్టేవారు. వాళ్లకది ఇంటి విషయం కాదు, ఉద్యోగం ముగిసే విషయం. నో డ్యూస్ రాకపోతే డబ్బు చేతికి రాదు. ఒకావిడ అయితే దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఏ కుప్పమ్మా అంటే, ‘ఇది ఇంటాయన పోయాక కూడా కావాలి కదండీ, ఆ కుప్ప ఇక్కడ లేదు’ అంది. అంతమంది అధికారులు కూర్చుని గీసిన పటంలో ఆ వర్గం లేదు. అదే రోజు చేర్చాం: ‘కుటుంబంలో ఎవరైనా చనిపోతే’. అందులోకి పదకొండు విభాగాల నుంచి పేజీలు వచ్చి చేరాయి. ఒక్క పేజీ కూడా తన పాత చోటు వదల్లేదు. గుర్తు కొట్టాక ఒకే పేజీ రెండు చోట్ల కనిపించడానికి అడ్డేముంది?

ప్రభుత్వాలు ఈ సంగతి అసలు పట్టించుకోలేదనలేను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన మీసేవలో సేవలు రెండు తరగతులు. ‘ఎ’ తరగతివి కంప్యూటరులో ఉన్న రికార్డు నుంచి అక్కడికక్కడే ఇచ్చేవి. ‘బి’ తరగతివి విచారణ చేసి గడువు లోపల ఇచ్చేవి. క్యూలో నిలబడ్డ మనిషి మొదట అడిగేది ఇదే కదా: ఇవాళే ఇస్తారా, మళ్లీ రావాలా? శాఖల వారీ జాబితా కింద ఉన్నా, పైన ఈ విభజన పెట్టినవారు కౌంటరుకు అవతల నిలబడి ఆలోచించారు. జిల్లాల సైట్లను కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ఒకే మూసలోకి తెచ్చాక దేశంలో ఏ జిల్లా సైటు తెరిచినా దాదాపు ఒకే వరుస కనిపిస్తుంది: జిల్లా గురించి, డైరెక్టరీ, విభాగాలు, పర్యాటకం, పత్రాలు, ప్రకటనలు. చప్పగా ఉందని విసుక్కునేవారున్నారు. నాకు మాత్రం దుర్గ్‌లో నేర్చుకున్న దారి శ్రీకాకుళంలోనూ పనికొస్తుందంటే అది సుఖంగానే ఉంటుంది. ప్రకటనలకు మొదలు తేదీ, ముగింపు తేదీ విడి గడులుగా పెట్టడం మరీ మంచి పని. గడువు దాటిన టెండరు తనంతట తాను పాతవాటిలోకి జారుకుంటుంది.

చట్టం ఇచ్చిన వర్గాలూ ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తాను వెల్లడించాల్సిన అంశాలను పదిహేడుగా చెప్పింది: సంస్థ స్వరూపం, అధికారుల అధికారాలు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, బడ్జెట్టు, సబ్సిడీల తీరు, ఇలా. చాలామందికి ఈ పదిహేడే గుర్తుంటాయి. వాటికి ముందున్న వాక్యం రికార్డులన్నిటికీ జాబితా, సూచిక తయారు చేసి పెట్టమంటుంది. జాబితా పని వదిలేసి పదిహేడు పీడీఎఫ్‌లు ఒక మీట కింద వేలాడదీస్తే చట్టం తీరిందనుకుంటారు. ఆ పదిహేడూ తనిఖీకి వచ్చినవాడికి బాగుంటాయి. నీటి బిల్లు తప్పొచ్చినవాడు మాత్రం సబ్సిడీల అధ్యాయం తెరవడు. తరలింపులో నేను చేసేది ఏమిటంటే, బడ్జెట్టు పేజీ బడ్జెట్టు దగ్గరే ఉంటుంది, దానికి ‘సమాచార హక్కు, పదకొండో అంశం’ అని ఒక గుర్తు. పదిహేడు అంశాల పేజీ ఆ గుర్తుల నుంచి దానంతటదే తయారవుతుంది.

గుర్తులు కొట్టడం మొదలుపెడితే వచ్చే తెగులు ఒకటుంది. అది చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. ఎవరికి తోచిన గుర్తు వాళ్లు కొడతారు. ఒకరు ‘రిటైర్డ్’, ఒకరు ‘రిటైర్మెంట్’, ఇంకొకరు ‘పదవీ విరమణ’, మరొకరు హిందీలో ‘సేవానివృత్త్’. నాలుగు కుప్పలు, ఒక్కదాంట్లోనూ అన్నీ ఉండవు. మూడు నాలుగు భాషలు కలగలిసిన భిలాయి లాంటి ఊళ్లో ఇది రెట్టింపు. కాబట్టి గుర్తుల జాబితా తాళం వేసి ఉండాలి. కొత్త గుర్తు కావాలంటే అడిగి చేర్చుకోవాలి, అడగాల్సిన మనిషికి ఒక పేరూ ఒక కుర్చీ ఉండాలి. ఇక ‘ఇతరములు’ అనే వర్గం. దాన్ని నేను నిషేధించను, నిషేధిస్తే జనం ‘సాధారణం’ అని ఇంకోటి పెట్టుకుంటారు. నెలకోసారి దాన్ని తెరిచి చూడమంటాను. అందులో ఒకే రకం పేజీలు ఐదారు పోగయ్యాయంటే మన పటంలో ఒక చోటు తప్పిపోయిందని లెక్క.

పాత చిరునామాల మాట కూడా చెప్పాలి. భిలాయి చిరునామా ఎలా రాస్తాం? క్వార్టరు నంబరు, స్ట్రీట్ నంబరు, సెక్టార్ నంబరు. 1955 ఫిబ్రవరిలో కర్మాగారానికి సోవియట్‌వారితో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన నాటి నుంచి ఈ ఊరి మీద ఎన్ని బోర్డులు మారాయో చూడండి. హిందుస్థాన్ స్టీల్ వెళ్లి సెయిల్ వచ్చింది. రాష్ట్రం పేరు మారింది. నగర నిగం వచ్చింది, తర్వాత అందులోంచి రిసాలి వేరే నిగం అయింది. సెక్టార్ నంబరు మారలేదు. 1972లో వచ్చిన పిన్ కోడు రాష్ట్రం మారినా నాలుగు తొమ్మిదితోనే మొదలవుతోంది. ఎప్పుడో మధ్యప్రదేశ్ అని రాసిన కార్డు కూడా కోడు సరిగ్గా ఉంటే ఇంటికొస్తుంది. వెబ్ చిరునామాకూ ఈ గుణం కావాలి. 1998లోనే టిమ్ బెర్నర్స్ లీ మంచి చిరునామాలు మారకూడదని రాశాడు. తప్పనిసరై మారితే పాత చిరునామాకు వచ్చినవాణ్ణి కొత్త చోటికి పంపే ఏర్పాటు ఉంది, మూడు వందల ఒకటి అనే సంకేతం. కావాలనే తీసేసిన పేజీకి నాలుగు వందల పది. ఈ రెండూ పెట్టకుండా వదిలేస్తే అందరికీ తెలిసిన నాలుగు వందల నాలుగు. కోర్టు తీర్పుల్లో, పరిశోధన వ్యాసాల్లో, రిటైరైనవారి వాట్సాప్ గుంపుల్లో తిరుగుతున్న పాత లింకులన్నీ ఆ గోడకు గుద్దుకుంటాయి. పట్టికలో మొదటి గడి చిరునామా అని చెప్పింది ఇందుకే. ఆ గడి పక్కన కొత్త చిరునామా గడి నిండనిదే కొత్త సైటు తెరవకూడదు.

చివరగా మన ఇంటి పని. భిలాయి తెలుగువారి దగ్గర ఉగాది సంచికలున్నాయి, నాటకాల కరపత్రాలున్నాయి, పార్వతీపురం మీదుగా వచ్చే రైలెక్కి ఈ ఊరొచ్చిన తొలి తరం ఫొటోలున్నాయి. వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెడదామని కుర్రవాళ్లు ఉబలాటపడుతున్నారు. మంచిదే. ‘మా సంఘం’, ‘మీ సంఘం’ అని అరలు కట్టకండి. సంఘాలు కలుస్తాయి, విడిపోతాయి. శ్రీకాకుళం జిల్లావారు, విజయనగరం జిల్లావారు అనీ కట్టకండి. 1979కి ముందు విజయనగరం జిల్లాయే లేదు, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వేరైంది. ఒక నాటకం ఫొటో తీసుకుంటే ఏం వస్తువు, ఏ నాటకం, ఏ వేదిక, ఏ సంవత్సరం, ఫొటోలో ఎవరెవరు, ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఈ ఆరు గడులు చాలు. స్కానరు పని ఎప్పుడైనా అవుతుంది. ఐదో గడి నింపగలిగినవారు మాత్రం ఇవాళ ఈ హాల్లో ముందు రెండు వరుసల్లో కూర్చుని ఉన్నారు, వాళ్లలో చాలామంది ఎనభై దాటినవారు. టీ ఇస్తున్నారని అధ్యక్షులు చెబుతున్నారు. నా సంచిలో ఖాళీ చీటీలు ఒక కట్ట ఉన్నాయి, పెన్నులు మీరు తెచ్చుకోండి.